గాలి పోయిందా అని అడిగిన గొంతు

నమ్మకపోతే మా బావ చొక్కా ఎత్తి చూడండి. కుట్ల మచ్చలు అక్కడే ఉన్నాయి. నేను కల్పించి చెప్పడం లేదు. ఏడో తరగతితో బడి ఆపినా, ఇరవై ఏళ్లుగా గ్రంథాలయంలో చదువుకుంటున్నవాణ్ని. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ మొహమాటం.

మాది మునగాల. నేను దర్జీని. మా అక్క భర్త సైదులు బావ మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ తోలుతాడు. పోయిన వానాకాలంలో కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. రెండో రోజు కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు బల్ల అవతలి నుంచే చూశాడు. గ్యాస్ అన్నాడు. ఒక సూది, విరేచనాల మందు. నేనూ తల ఊపాను. ఉదరవాయువు గురించి ఒక పుస్తకం చదివి ఉన్నాను మరి. మర్నాడు ఆకుపచ్చని వాంతులు. మళ్లీ వెళ్లాం. మళ్లీ గ్యాసే. సెలైన్ పెట్టి పడుకోబెట్టారు.

అప్పటికి మూడు రోజులుగా బావకు కింద నుంచి గాలి కూడా పోలేదు. డాక్టరు అడగలేదు. బావ చెప్పలేదు. నర్సు ముందు ఆ మాట ఎట్లా అంటాడు? నాతో ప్రతిదానికీ వేళాకోళమాడే మనిషి, దీనికి మాత్రం సిగ్గుపడ్డాడు.

ఆ రాత్రి గదిలో మేమిద్దరమే. అక్కను ఇంటికి పంపాను. ఆమె వెళ్లాకే బావ ఆ మాట నా చెవిన వేశాడు. పక్క మంచం ఖాళీ. పరుపు చుట్టి పెట్టి ఉంది. తలుపు గడియ నేనే వేశాను. ఫ్యాన్ టక్... టక్... బావ కడుపు డప్పులా ఉబ్బింది. లోపల నుంచి సన్నగా, ఖాళీ బిందెలో నీళ్లు చిమ్మినట్టు చప్పుడు. చెవి ఆనించి విన్నాను. వింటూ ఉండగానే... ఆ చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు... పక్క మంచం వైపు నుంచి ఒక ముసలమ్మ గొంతు. నింపాదిగా.

"గాలి పోయిందా బిడ్డా?"

ఎవరో రోగి తాలూకు మనిషి అనుకున్నాను. తల తిప్పకుండానే చెప్పాను. "లేదవ్వా. మూడొద్దులాయె."

"పాత కోత ఉన్నదా?"

చొక్కా పక్కకు తీశాను. ఉంది. ఎప్పుడో అపెండిక్స్ తీసిన గీత. డాక్టరు దాన్ని చూడనే లేదు.

"తెల్లారేదాక ఆగకు. సూర్యాపేట తీస్కపో."

వెనక్కి తిరిగాను...

చుట్టిన పరుపు. వేసిన గడియ. ఫ్యాన్ టక్... టక్...

బయట కునుకు తీస్తున్న నర్సును లేపాను. లోపల మీరిద్దరు తప్ప ఎవరూ లేరంది. డాక్టరుకు ఫోన్ చేస్తే పొద్దున చూద్దాం అన్నాడట. నేను ఆగలేదు. తెలిసినవాడి కారు పిలిపించాను. హైవే మీద మునగాల దాటేసరికి బావ చేతులు చల్లబడుతున్నాయి.

సూర్యాపేటలో సర్జన్ కడుపు నొక్కి చూశాడు. ఎక్స్‌రే తీయించాడు. పాత కోత దగ్గర పేగు అతుక్కుని మెలిపడిందట, అందుకే గాలి పోలేదట. ఇంకో పూట ఆగి ఉంటే కుళ్లిపోయేదన్నాడు. తెల్లవారేసరికి ఆపరేషన్ అయిపోయింది.

నాలుగో రోజు... ఎలా చెప్పను... వార్డంతా వినబడేలా గాలి పోయింది. అక్క ఏడుస్తూనే నవ్వింది. ఎదురు మంచం తాత చప్పట్లు కొట్టాడు.

"ఏం బామ్మర్దీ, నీ పుస్తకాలల్ల ఉన్నదా గిసొంటి సంగీతం?" అన్నాడు బావ, కుట్లు పట్టుకుని. నవ్వితే నొప్పి. నొప్పి అంటూనే నవ్వాడు. ఆ పూట వార్డులో అందరికీ నేనే టీ తాగించాను.

తర్వాత కోదాడ వెళ్లి కేసు కాగితం తెచ్చుకున్నాను. కడుపు నొక్కి చూశామని, మెత్తగా ఉందని అందులో రాసి ఉంది. ఆ చెయ్యి బావ మీద పడితేగా. జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు నేనే రాసి ఇచ్చాను. ముసలమ్మ సంగతి మాత్రం రాయలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. నిద్రమత్తులో మన మనసే గొంతు మార్చి మాట్లాడుతుందని చదివాను. అదే అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మొన్న ధాబాలో మూడో రొట్టె తింటూ బావ ఉన్నట్టుండి అడిగాడు. "ఆ రాత్రి గా పక్క మంచం మీద కూసున్న ముసలాయన ఎవరు? పాత కోత ఉన్నదా అని నిన్ను అడిగె."

చేతిలో రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాను.

"ముసలాయన కాదు బావా... ముసలమ్మ."

"గొంతు ఆడదో మగదో నాకెరుక లేదు బామ్మర్దీ. నేను కండ్లార సూసిన. మీసాలున్నయ్."