ఏ భాష మిగులుతుంది నాకు?

మా అమ్మకు మతిమరుపు వచ్చినప్పుడు ముందుగా పోయింది హిందీ. శ్రీకాకుళం నుంచి కొత్త పెళ్లికూతురుగా భిలాయి వచ్చి, సెక్టర్ 6 క్వార్టర్లో కాపురం పెట్టి, బజారు బజారంతా హిందీలోనే గడగడలాడించిన మనిషి ఆమె. ఒకరోజు ఆసుపత్రిలో డాక్టరు హిందీలో పేరడిగితే నా వైపు తిరిగి, "ఏటంతన్నాడే ఈ బాబు? నాకేటీ తెలీట్లేదు," అంది. ఆ రోజు నుంచి చివరిదాకా నేనే ఆమెకు దుబాసీని.

అందుకే ఇప్పుడు స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయినా, మా సందు దాటి రెండడుగులు ముందుకెళ్లిపోయినా నాకు గుండె జారిపోతుంది. ఉండేదేమో స్మృతి నగర్‌లో. నాలాంటి వాళ్లకు ఎంత చక్కని చిరునామా!

నా గోల భరించలేక మా అమ్మాయి నా ఫోన్లో ఒక యాప్ వేసింది. నడక, నిద్ర, బీపీ చూస్తుందట. రోజూ మెదడుకు ఆటలు పెడుతుందట. ఇవన్నీ చేస్తే ఆ జబ్బు వచ్చే అవకాశం తగ్గొచ్చు అంది. ఆ 'తగ్గొచ్చు' నాకు అస్సలు నచ్చలేదు. నాకు సుళువని తెలుగులోనే పెట్టి ఇచ్చింది.

బొమ్మ కనబడగానే పేరు చెప్పాలి. చీపురు వచ్చింది. "ఝాడూ," అన్నాను. ఎర్ర గీత. జల్లెడ వస్తే "ఛన్నీ" అన్నాను. మళ్లీ ఎర్ర గీత. గరిటె దగ్గర ఏ భాషా రాక నోరు తెరుచుకుని కూర్చున్నాను. అమ్మకూ ఇలాగే మొదలైందా? ఈ భిలాయిలోనే పుట్టి హిందీ బడిలో చదివినదాన్ని. ఆ తెలుగు మాటలు మర్చిపోయానో, అసలెప్పుడూ సరిగ్గా వాడనే లేదో నాకే తెలియదు. ఇక ఫోనుకేం తెలుస్తుంది?

"అరే మమ్మీ, హిందీ మే కర్ లో నా," అని నవ్వుతూ అమ్మాయి భాష మార్చేసింది. వరసగా అన్నీ ఆకుపచ్చ గీతలే. ఫోను చప్పట్లు కూడా కొట్టింది.

"చూశావా, ఊరికే టెన్షన్ పడతావు," అంది.

నా టెన్షన్ ఇంకా పెరిగింది. అమ్మకు ముందు పోయింది హిందీయే కదా! నాకూ అలాగే అయితే ఇక తెలుగే గతి. అదేమో ఇలా చిల్లులు పడి ఉంది. పట్టుబట్టి మళ్లీ తెలుగే పెట్టించుకున్నాను.

నిన్న సాయంత్రం ఫోను ఒక మాట వినిపించి అర్థం అడిగింది. దాహం. టక్కున చెప్పేశాను, ఆకుపచ్చ గీత పడింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ సంబరంలో పక్కనున్న అమ్మాయిని అడిగాను.

"నువ్వు సెప్పు సూద్దాం, దాహం అంటే ఏటి?"

"అదే కదా మమ్మీ, డెడ్ బాడీని కాల్చడం," అంది తలెత్తకుండానే. తర్వాత ముఖం చిట్లించి, "ఛీ, ఇలాంటివి కూడా అడుగుతుందా?" అంది.

హిందీలో దాహ్ అంటే దహనమే. పిల్ల తప్పేమీ లేదు. కానీ నేను ఫోను పక్కన పెట్టేశాను. అమ్మ అడిగింది అర్థం చేసుకోవడానికి పక్కన నేనున్నాను. రేపు నా హిందీ మొత్తం పోయి, మంచంలో పడి దాహం, దాహం అని అడిగితే, నా కూతురు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంది. నీళ్లివ్వాలని మాత్రం దానికి తెలియదు.