మౌనిక డెమోలో అడిగిన ప్రశ్న

ఇది రాయకుండా పడుకుందామనే అనుకున్నాను, కానీ నిద్ర పట్టలేదు.

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో మా ఇంట్లో అద్దెకుంటున్న మౌనికకు ఈ మధ్యాహ్నం ఎమ్మెస్ ఆఖరి ప్రాజెక్టు డెమో. నలుగురి జట్టుకు తనే లీడరు. లాక్‌డౌన్ కదా, మా వంటింటి బల్ల దగ్గర వీడియోలోనే పరీక్ష. జట్టులోని ప్రవీణ్ కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నాడు. "సార్‌కు చెప్పకక్కా, ఏడాది పోతుంది" అని మెసేజ్ పెట్టాడట. ఈ పిల్ల వాడి భాగం కూడా తనే రాసి, కింద వాడి పేరు వేసింది.

నేను తాపీ మేస్త్రీని. నా చదువంతా పాత న్యూస్‌పేపర్లు చూసి నేర్చుకున్నదే. రాని కూలీ వచ్చాడని చెప్పి, వాడి పనీ నేనే చేసి, నేనూ ఒకసారి గోడ లేపాను. ఆ గోడ గురించి ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే అంతలో వీడియోలో ప్రొఫెసర్ ప్రవీణ్ భాగం ఎవరు రాశారని అడిగేశాడు.

మౌనిక మైకు ఆపి నా వైపు తిరిగింది. "అంకుల్, ఏం చెప్పమంటారు?"

"నిజం చెప్పమ్మా. తొందరగా చెప్పు, ఆయన ఎదురుచూస్తున్నాడు."

చెప్పేసింది. ఆయన, "రేపు నీ కింద పనిచేసే మనిషి పడిపోయినా ఇలాగే దాస్తావా?" అన్నాడు. ప్రవీణ్ స్వయంగా రేపటిలోగా అడిగితే గడువు పెంచుతానన్నాడు.

మీరైతే ఆమెకు ఏం చెప్పేవారో రాయండి, నేను చెప్పింది సరైనదో కాదో నాకే తెలియడం లేదు.

డెమో అయిన వెంటనే మౌనిక ప్రవీణ్‌కు ఫోన్ చేసింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు.