చేతిరాత నామినేషన్

నాలుగేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. పెద్ద తప్పేమీ కాదులే అని నాకు నేను చెప్పుకుంటూ మోస్తున్నాను. అలా చెప్పుకోవాల్సి రావడమే దాని బరువు. పోలీసులు పట్టుకునేది కాదు, నలుగురిలో పంచాయితీ పెట్టేదీ కాదు. ఎవరికైనా చెబితే 'ఓస్, ఇంతేనా' అంటారేమో. మీరూ అనండి, ఫరవాలేదు. కానీ చివరిదాకా వినండి. ఇది నా భార్యకు కూడా చెప్పలేదు.

పామిడిలో పొద్దున ఏడుంబావుకు అనంతపురం పోయే బస్సు ఒకటుంది. రోజూ అందులో పోయే నలభై మందిమి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. మొదట్లో అది 'బస్సు వచ్చిందా', 'నాకో సీటు ఆపండి' అనుకోవడానికే. తర్వాత ఎవరికి పుట్టిన బుద్ధో, దానికొక ప్రభుత్వం వచ్చింది. ఏటా ఉగాది దాటాక ఎన్నికలు. గెలిచినవారు ముఖ్యమంత్రి. కిటికీల శాఖ, బజ్జీల శాఖ, నిద్రపోయినవాళ్లను వాళ్ల స్టాపులో లేపే శాఖ. వాన శాఖ మాత్రం ఎవరూ తీసుకునేవారు కాదు. మా సీమలో ఆ మంత్రికి తిట్లు తినడం తప్ప వేరే పనుండదు. గడియారాలు బాగుచేసే ఖాజా అన్న మా ఎన్నికల కమిషనర్. మాలో టైముకు వచ్చేది ఆయనొక్కడే.

నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులుని. వరసగా రెండేళ్లు ఆ బస్సుకు ముఖ్యమంత్రిని. బళ్లో నా మాట హెడ్మాస్టరు వినడు. ఇంట్లో పిల్లలు వినరు. ఆ గ్రూపులో మాత్రం నేను 'గౌరవనీయ ప్రయాణికులారా' అని రాస్తే నలభై మంది చదివేవారు. నవ్వులాటే. నాకూ తెలుసు నవ్వులాటేనని. తెలిసీ ఎందుకు అంతగా పట్టుకున్నాను? రోజంతా ఎవరికీ పట్టనివాడికి ఆ కాస్త గౌరవం ఎంత తీపిగా ఉంటుందో, ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది.

మూడో ఏడు సుబ్బక్క నిలబడింది. అది ఆమె అసలు పేరు కాదు. నైటీలు కుట్టి, మూట కట్టుకుని అనంతపురం అంగళ్లకు వేసే మనిషి. యాభై దాటింది. గ్రూపులో ఆమె ఏదీ రాసేది కాదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడేది. ఆ గొంతు వినడానికి జనం ఎదురుచూసేవారు. మా దారిలో పొద్దున పోయేటప్పుడూ, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఎండ ఎడమ పక్కే పడుతుంది. ముందెక్కినవాళ్లు రెండు పూటలా కుడి పక్క నీడలో కూర్చుంటారు. మూటలతో ఆలస్యంగా ఎక్కే ఆడవాళ్లు రెండు పూటలా మాడిపోతారు. సుబ్బక్క హామీ ఒకటే. "నేను గెలిస్తే ఎండ పంచుతా. పొద్దున నీడలో కూర్చున్నోళ్లు మాపటికి ఎండలో కూర్చోవల్ల. ఎండేమన్నా మా అత్త సొమ్మా, మేమొక్కరిమే తినేకి?"

ఆ రోజంతా గ్రూపు నవ్వుతూనే ఉంది. నేను రెండు రోజులు కూర్చుని పదహారు హామీలతో మేనిఫెస్టో రాశాను. దానికి రెండు బొటనవేళ్లు వచ్చాయి. అందులో ఒకటి నాది.

ఇక్కడ కలం ఆగిపోతోంది. ఇక్కడిదాకా చెప్పడం తేలికే.

అంతకు ఏడాది ముందు నుంచి సుబ్బక్క బస్సులో నా పక్కన కూర్చుంటే ఫోను నా చేతికిచ్చేది. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానని, గ్రూపులో ఏం రాశారో చదివి చెప్పమని అడిగేది. నేను చదివేవాణ్ని. ఒకరోజు తనంతట తానే చెప్పింది, తన కళ్లకు ఏమీ కాలేదనీ, తనకు అక్షరం ముక్క రాదనీ. కోడలికి కూడా తెలియదట. ఇన్నేళ్లూ అద్దాల పేరు చెప్పి నెట్టుకొచ్చిందట. నాకొక్కడికే చెప్పింది. పంతులువి కదా, నేర్పిస్తావా అని అడిగింది. ఎండాకాలం సెలవుల్లో నేర్పిస్తానని మాటిచ్చాను. సెలవులు వచ్చాయి, పోయాయి. ఆమె మళ్లీ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఎన్నికలకు వారం ఉందనగా ఖాజా అన్న అంగడికి పోయాను. ఈసారి కొత్తగా ఏదైనా చేద్దామన్నాను. పోటీచేసేవాళ్లు నామినేషన్ సొంత చేత్తో, బస్సులో అందరి ముందు, పది వరసలు తెలుగులో రాయాలని పెడదాం, తమాషాగా ఉంటుందన్నాను. నా పేరు చెప్పొద్దని కూడా అన్నాను, ముఖ్యమంత్రే రూలు పెడితే బాగుండదని. ఆయన పగలబడి నవ్వి సరేనన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. ఆ రాత్రే మైకు నొక్కి గ్రూపులో ఆ రూలు ప్రకటించాడు.

అందరి ముందు అని ఎందుకన్నాను? ఇంట్లో అయితే ఆమె ఎవరిచేతైనా రాయించుకుంటుందని. ఆ మాట నోరుజారి వచ్చింది కాదు. పామిడి బస్టాండు నుంచి అంగడి దాకా నడుస్తూ ఆలోచించి పెట్టుకున్న మాట. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా, ఆ నడకలో నేను ఒక్కసారైనా తడబడినట్టు జ్ఞాపకం రావడం లేదు.

మర్నాడు పొద్దున సుబ్బక్క మూట కాళ్ల దగ్గర పెట్టుకుని నా పక్కన కూర్చుంది. బస్సు కదిలాక చాలా మెల్లగా అడిగింది.

"సారూ, ఆ రాసే రూలు ఎవురు పెట్టినారు?"

"ఖాజా అన్న పెట్టినాడక్కా."

"నువ్వేమన్నా చెప్పినావా?"

"నేనెందుకు చెప్తానక్కా. నాకూ రాత్రి గ్రూపులో వింటేనే తెలిసింది."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఎండ ముఖం మీద పడుతోంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"నువ్వే చెప్పింటావేమో అనుకున్యా. రాత్రంతా అదే మనసులో ఉన్యాది. తప్పయిపోయింది, ఏమనుకోవద్దప్పా."

"అయ్యో, దాందేముందిలే అక్కా," అన్నాను.

ఆమె నాకు క్షమాపణ చెప్పింది. నేను తీసుకున్నాను. రూలు పెట్టించడం కంటే ఇది పెద్ద ద్రోహం. అదైతే కుళ్లుతో చేశానని సర్దిచెప్పుకోవచ్చు. ఇది మాత్రం ఒక మనిషి నన్ను అనుమానించినందుకు తనను తాను తిట్టుకుంటుంటే, చూస్తూ కూర్చుని చేశాను. ఆ నిమిషంలో నిజం చెప్పేసి ఉంటే? రెండు తిట్లు తిట్టేది. బహుశా నవ్వేది కూడా. చెప్పడానికి అనంతపురం దాకా దారి ఉండింది. ఊరి ముందరి రాచానపల్లి దాటాక కూడా టైముండింది. చెప్పలేదు.

నామినేషన్ల రోజు ఆమె బస్సెక్కలేదు. గ్రూపులో గొంతు పంపింది, ఒంట్లో బాగలేదు, నేను నిలబడను, సారుకే ఓట్లేయండి అని. తర్వాత గ్రూపులోంచి వెళ్లిపోయింది. నేను ఏకగ్రీవంగా గెలిచాను. చామంతి దండ వేశారు, బజ్జీలు పంచారు. అక్కడితో ఆగినా బాగుండేది. నెల తిరక్కముందే ఎండ పంపకం నేనే పెట్టాను, అందరూ అడుగుతున్నారు కదా అని. ఇప్పటికీ మా బస్సులో పొద్దున నీడలో కూర్చున్నవాళ్లు సాయంత్రం ఎండలో కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు అది మా సారు తెచ్చిన పద్ధతని చెబుతారు. నేను కాదనను. ఆ పద్ధతి ఎవరికోసం పుట్టిందో ఆ మనిషి మాత్రం ఆరుంబావు బస్సుకు మారిపోయింది.

ఆమె నన్ను నమ్మిందా? చాలా కాలం ఆ ప్రశ్నతోనే బతికాను. నమ్మి ఉంటే బాగుండునని కోరుకునేవాణ్ని, అబద్ధం నమ్మాలని కోరుకునేంత దిగజారాను. పోయిన వేసవిలో జవాబు దొరికింది. అనంతపురం బస్టాండులో ఆమె కనబడింది, మూట పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నన్ను చూసింది. చూసి, నన్ను దాటుకుని పోయి, అటువైపు నిలబడిన ఎవరో తెలియని పిల్లను పిలిచి, కళ్లద్దాలు మర్చిపోయానమ్మా, ఆ బస్సు మీద పామిడి అని ఉందా చూడు అని అడిగింది. ఆ పిల్ల ఉందని చెప్పింది. సుబ్బక్క ఎక్కింది. నేను ఆ బస్సు ఎక్కలేదు.

ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఒక్కడికే చెప్పుకున్న గుట్టు అది. లెక్క కట్టడానికి చదువు రావాల్సిన పనిలేదు.

ఇదీ నేను చేసింది. చెప్పాక గుండె కొంచెం తేలికైన మాట నిజమే. ఇన్నాళ్లకు ఒకరికి తెలిసింది. దాన్ని పశ్చాత్తాపమని మీరు అనుకుంటే మాత్రం పొరబాటు. ఈ నాలుగు కాగితాలూ రాసి, మొదటినుంచి ఒకసారి చదువుకుంటుంటే ఒకటి తట్టింది. ఆమె ఇంటికి పోయి ఈ మాటలు నోటితో చెప్పడానికి పావుగంట పట్టదు. ఫోనులో మైకు నొక్కి చెప్పినా వింటుంది. అవేవీ చేయకుండా నేను కాగితం తీసుకున్నాను. ఒప్పుకోలు కూడా ఆమె చదవలేని చోటే పెట్టుకున్నాను.