గుడ్డలో చుట్టిన గ్లాసు

మా లీలావతక్క శకునాల పుట్ట. ఎవరైనా తుమ్మితే ఆగిపోతుంది, పిల్లి ఎదురైతే కారు వెనక్కి తిప్పమంటుంది. మెల్‌బోర్న్ పిల్లులు గడప దాటవు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే క్రాన్‌బర్న్ నుంచి మేమిద్దరం ఒక్కరోజైనా వేళకు పనికి చేరేవాళ్లం కాదు. ఓ యూదుల కిండర్‌గార్టెన్‌లో నాలుగేళ్ల పిల్లల్ని చూసుకోవడం మా పని. ముక్కులు తుడవడంలోనైనా, బట్టలు కుట్టడంలోనైనా అక్కకు ఎదురులేదు.

అలాంటి మనిషి నెల రోజులుగా కూతురు సృజనతో పోట్లాడుతోంది. వచ్చే నెలలో ఆ పిల్ల పెళ్లి. అమ్మ పీటల మీద కూర్చోవాలని దాని పట్టు.

"మీ నాన్న పోయి రెండేళ్లయినా కాలేదు. శుభమా అంటూ నేనెందుకే ముందుకి? బాబాయీ పిన్నీ కూర్చుంటారు, నేను బ్యాక్ రోలో ఉంటాలే" అని ఈవిడ మొండిపట్టు. వింటుంటే నాకు ఒళ్లు మండేది. చెబితే వింటేగా!

ఆ శుక్రవారం మా పిల్లల ఉత్తుత్తి పెళ్లి. తమ పెళ్లి తంతు పిల్లలకి ఇలా ఆడించి నేర్పుతారు అక్కడ. నాలుగు కర్రల మీద నిలబెట్టే తెల్లగుడ్డ పందిరి, వాళ్ల మాటలో హుప్పా, అక్కే కుట్టింది. నలుగురు పిల్లలు తలో కర్రా పట్టుకున్నారు. ఒకడు మధ్యలో కర్ర వదిలేసి ముక్కు గోక్కోవడంతో పందిరి పెళ్లికొడుకు ఆరి నెత్తిన పడింది. పెళ్లికూతురు నోవా వాడి చుట్టూ ఏడుసార్లు తిరగాలి. లెక్క తప్పి తొమ్మిది తిరిగింది.

"మనకీ ఏడడుగులేగా! వీళ్లు మనకి చుట్టాలేనే వీణా!" అక్క మురిసిపోయింది.

ఆఖరున వాళ్ల ఆచారం ప్రకారం గ్లాసు తొక్కి పగలగొట్టడానికి ఆరి కాలెత్తాడు. కింద ఏమీ లేదు.

"గ్లాసేది?" అన్నాడు.

అక్క మొహం పాలిపోయింది. గుడ్డలో చుట్టిన గాజు గ్లాసు పొద్దున నేల మీద చూసి, పెళ్లిలో గాజు పగిలితే ఇంకేమన్నా ఉందా అని వంటగది అలమరలో దాచేసిందట! పరుగున తెచ్చి పెట్టింది.

"సారీ రా కన్నా. బ్రేక్ అయితే బ్యాడ్ కదా అని..."

నోవా నడుం మీద చేతులు పెట్టుకుంది. "బ్యాడ్ కాదు. ఎంత హ్యాపీగా ఉన్నా, పోయినవాటిని మర్చిపోకూడదు. అందుకే పెళ్లిలోనే పగలగొట్టాలి. మా నానమ్మ చెప్పింది" అంది ఇంగ్లీషులో, అక్కకే పాఠం చెబుతున్నట్టు.

ఆరి ఎగిరి తొక్కాడు. ఫట్! "మజల్ తోవ్!" అని పిల్లలంతా గొంతు చించుకుని శుభాకాంక్షలు చెప్పారు. అక్క ఏప్రన్‌తో కళ్లు ఒత్తుకుంది.

ఇంటికి వస్తూ కారులోంచే కూతురికి ఫోన్ చేసింది.

"సృజనా, పీటల మీద నేనే కూర్చుంటా. పక్క పీట మీద నాన్న ఫొటో పెడదాం."

అవతల నుంచి వెక్కిళ్లు వినిపించాయి.

అక్క కసిరింది. "శుభమా అంటూ పెళ్లి పెట్టుకుని ఆ ఏడుపేంటే!"