సుగుణగారు తీసేసిన నాటకం

ఈ మధ్యాహ్నం మా ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్ బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్‌లోంచి ఫ్యాను చప్పుడు మొదలైంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అయినా లోపల ఏదో పెద్ద పని జరుగుతున్నట్టు రొద పెడుతోంది, అడుగుభాగం ఇస్త్రీ పెట్టెలా కాలుతోంది. వేడెక్కిన దుమ్ము వాసన సన్నగా తగిలింది. ఆ వాసనకి నాకు ఏలూరులో సుగుణగారి షాపు గుర్తొచ్చింది. అది గుర్తొచ్చిన రోజు నాకు మరే పనీ సరిగా సాగదు.

సుగుణగారు మొదట టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారట. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక అదే గదిలో కంప్యూటర్లు పెట్టి పెళ్లి కార్డులు, చర్చి కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టులు కొట్టిచ్చేవారు. పాడైన కంప్యూటర్లూ బాగుచేసేవారు. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో ఏలూరులో ఆడవాళ్ళు ఆ పని చేయడం వింతే. డిగ్రీ అయిపోయి, పెదపాడు నుంచి బస్సులో వచ్చి ఆవిడ దగ్గర పనికి చేరినప్పుడు నాకు మౌసు పట్టుకోవడం కూడా సరిగా రాదు. ఆవిడ ఏ రోజూ విసుక్కోలేదు. "ముందు చేత్తో తాకి చూడమ్మా, ఎక్కడ వేడిగా ఉందో తెలుస్తుంది. తర్వాత మనిషిని అడుగు, చివరిసారి బాగా పనిచేసినప్పుడు ఏం చేస్తున్నారండీ అని. వాళ్ళు చెప్పేది పూర్తిగా విను, మధ్యలో అందుకోకు" అనేవారు. వచ్చినవాళ్ళు చేపల చెరువుల గొడవతో మొదలుపెట్టి కూతురి కాన్పు దాకా చెప్పుకుపోయినా అలాగే వింటూ కూర్చునేవారు.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తల్లిదండ్రులు పోయాక తమ్ముడు సుధీర్‌ను తనే పెంచి చదివించారు. ఆయన తాడేపల్లిగూడెంలో ఒక బడిలో తెలుగు మాస్టారు. ఏటా క్రిస్మస్‌కి కొల్లేరు లోపలి ఒక ఊరి చర్చి పిల్లలతో నాటకం వేయించేవారు. ఆ ఏడాది వానలు ఆలస్యంగా పడ్డాయి. ఒక సాయంత్రం పిల్లలకి పాటలు నేర్పి తిరిగి వస్తూ, బురదగా ఉన్న చెరువు గట్టు మీద బండి జారి నీళ్ళలో పడిపోయారు. తెల్లారాక చేపలు పట్టేవాళ్ళు చూశారు.

కొన్ని వారాల తర్వాత సుధీర్‌గారి భార్య గ్రేసు ఆయన లాప్‌టాప్ పట్టుకుని షాపుకి వచ్చింది. కంప్యూటరు నేర్చుకుంటే ఆయన పనిచేసిన బడిలోనే ఆఫీసు పని ఇస్తామన్నారట. నేర్చుకుందామంటే లాప్‌టాప్ కదలడం లేదు.

"ఒక్క అక్షరం కొడితే ఎంతసేపటికో పడుతుంది వదినా. ఊరికే వేడెక్కిపోతుంది" అంది.

నేను తెరిచి చూశాను. ప్రింటింగు పనిని వెనకాల ఉండి నడిపించే ప్రోగ్రామొక్కటే లాప్‌టాప్ శక్తినంతా తినేస్తోంది. వరసలో ఒకే ఒక్క ప్రింటు ఇరుక్కుని ఉంది. ప్రింటరు దొరకకపోయినా అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉంది.

"చిన్న పనేనండి మేడంగారూ. ఆ ప్రోగ్రాము ఆపేసి, ఇరుక్కున్న ప్రింటు తీసేసి, మళ్ళీ మొదలుపెడితే సరిపోతుందండి" అన్నాను.

"ఆగమ్మా. దాని పేరేముంది?"

"క్రిస్మస్ నాటకం అనుందండి."

ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఆ పేరుతో ఫైలు కోసం లాప్‌టాప్ అంతా వెతికించారు. ఎక్కడా లేదు. పోయే ముందు రోజు ఆయన బడిలో ప్రింటు ఇచ్చాక కరెంటు పోయిందని, రేపు తీసుకుంటానని ఇంటికొచ్చేశారని గ్రేసు చెప్పింది. "సేవ్ చెయ్యకుండానే ప్రింటు కొట్టాడు. వాడెప్పుడూ అంతే" అన్నారు సుగుణగారు. ఆ మాట కోప్పడుతున్నట్టే అన్నారు, తమ్ముడు ఎదురుగా ఉన్నట్టు.

ఆ ప్రింటరు బడిలోనే ఉంది. దానికి తగిలిస్తే నాటకం బయటికి రావచ్చని మర్నాడు ముగ్గురం పాసింజరు రైలెక్కి గూడెం వెళ్ళాం. లాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టి ఆవిడ దారంతా ఒళ్ళోనే పెట్టుకున్నారు. హెడ్మాస్టరుగారు స్టాఫు రూము తెరిచి, బయట నిలబడ్డారు. వైరు తగిలించగానే ప్రింటరు కదిలి మొదటి కాగితం వచ్చింది. గ్రేసు అందుకుని పైకి చదివింది. యేసు బేత్లెహేములో పుట్టిన రాత్రి వెలుగు చూసిన గొర్రెల కాపరుల బదులు సుధీర్‌గారు కొల్లేరులో చేపలు పట్టేవాళ్ళని పెట్టారు.

"ఒరేయ్, ఆ వెలుగేంట్రా? మన గట్టు మీద లాంతరు కాదు కదా?"

"లాంతరు కాదు మావా, ఆకాశమే తెల్లారిపోయినట్టుంది. పడవ తియ్యి, మనం వెళ్ళి..."

కాగితం అక్కడితో అయిపోయింది. రెండోది వచ్చింది. దాని నిండా అర్థం కాని గుర్తులు. మూడోదీ అంతే. ప్రింటరు ఆపి మళ్ళీ పెట్టాం. మొదటి పేజీ బాగానే వచ్చింది, ఆ వెనకవన్నీ గుర్తులే. కరెంటు పోయినప్పుడే లోపల చెడిపోయి ఉంటుంది. నాకు తెలిసినవన్నీ చేశాను. ఆవిడకి తెలిసినవన్నీ ఆవిడ చేశారు. కింద కాగితాలు పోగుపడ్డాయి.

చివరికి సుగుణగారు గ్రేసు వైపు తిరిగారు. "అది తీసేస్తేగాని ఇది పనిచెయ్యదమ్మా. తీసేస్తే మళ్ళీ రాదు. నువ్వు వద్దంటే ఇలాగే ఉంచేద్దాం, నీకు నేర్చుకోడానికి నా షాపులోది ఇస్తాను. నీ ఇష్టం."

గ్రేసు తెర వంకే చూస్తూ కూర్చుంది. సుగుణగారు మళ్ళీ అడగలేదు. బయట పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. "ఆయన లాప్‌టాప్ మీదే నేర్చుకుంటాను వదినా. తీసెయ్యండి" అంది గ్రేసు. ఆ పని సుగుణగారు నాకు చెప్పలేదు, తనే చేశారు. కాసేపటికి లాప్‌టాప్ చల్లబడింది. గ్రేసు తన పేరు కొట్టి చూసింది. అక్షరాలు వెంటవెంటనే పడ్డాయి. అప్పుడు ఏడ్చింది.

తిరుగు రైల్లో, భీమడోలు దాటాక, సుగుణగారు కిటికీలోంచి చూస్తూ అన్నారు: "పడవ తీసి ఎక్కడికెళ్ళేవాళ్ళో."

"బేత్లెహేముకే కదండి మేడంగారూ" అన్నాను.

"అంతేలే. ఎక్కడికెళ్తారో నాకు తెలీదా? వాడి మాటల్లో విందామనిపించింది."

ఆ క్రిస్మస్‌కి ఆ ఊళ్ళో నాటకం వెయ్యలేదు. గ్రేసు రోజూ సాయంత్రం షాపుకి వచ్చి పని నేర్చుకుని బడిలో చేరింది. సుగుణగారు మాత్రం మునుపటి మనిషి కాలేదు. కిడ్నీలు పాడయ్యాయి, షాపు మూసేశారు. ఆఖరిసారి చూడబోయినప్పుడు నన్ను గుర్తుపట్టి "అన్నం తిన్నావా అమ్మా" అని మాత్రం అడిగారు. తొలకరి వానల్లో పోయారు. సమాధి దగ్గర గ్రేసూ నేనూ ఒకే గొడుగులో నిలబడ్డాం.

ఇప్పుడు నా ఉద్యోగమే కంప్యూటర్లు చూడడం. ఏది తీసేయాల్సి వచ్చినా, ఎంత చిన్నదైనా, దాని మనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. "ఇది పోతే మళ్ళీ రాదండీ, తీసెయ్యమంటారా?" అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు, పాత బిల్లులేనమ్మా తీసెయ్యి అంటారు. ఈ మధ్యాహ్నం కూడా అలాగే అన్నారు, తీసేశాను. ఎప్పుడో ఒకరు మాత్రం తెర వంక చూస్తూ ఉండిపోతారు. అప్పుడు నేను మౌసు మీంచి చెయ్యి తీసేసి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుంటాను.