కళ్లతో చూసిందే చెప్పమన్న మనిషి

వానలో తడిసిన ఖాకీ బట్టకు ఒక వాసన ఉంటుంది. గంజి, చెమట, మల్కాపురం గాలిలో ఎప్పుడూ ఉండే చమురు ఘాటు, మూడూ కలిసిన వాసన. మొన్న నా స్టేషనుకు శిక్షణ కోసం వచ్చిన కొత్త ఎస్సై పిల్ల గుమ్మంలో నిలబడి టోపీ దులుపుకుంటుంటే ఆ వాసన గుప్పుమంది. నాకు పని నేర్పిన సన్యాసిరావు గారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు ముందు గౌరవం కలుగుతుంది, ఆ వెంటనే నోరు చేదవుతుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటే మిగిలి ఉంటే నా బతుకు సుఖంగా ఉండేదని చాలాసార్లు అనుకున్నాను.

మాది భీమిలి దగ్గర వేట మీద బతికే ఇల్లు. డిగ్రీ చదివి, ఎస్సై పరీక్ష గట్టెక్కి, అకాడమీలో మోకాళ్లు అరిగేలా పరిగెత్తాక, అసలు పని నేర్చుకోమని నన్ను పోర్టు వైపు ఒక స్టేషనుకు పంపారు. శిక్షణలో ఉన్నవాళ్లంటే స్టేషన్లో అందరికీ లోకువే. నేను కాస్త హడావిడి పడితే చాలు, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని వెనక నవ్వుకునేవారు. అక్కడి ఇన్‌స్పెక్టర్ సన్యాసిరావు గారు మాత్రం నవ్వలేదు. ఎవరినీ కసరలేదు కూడా. మర్నాటి నుంచి తన పక్కనే నాకు కుర్చీ వేయించారు, అంతే.

ఆయన పనిచేసే తీరు వేరు. అర్జీలు రాసేవాళ్లతో రాయించుకొచ్చిన ఫిర్యాదులు ఎవరివైనా ఒకే గొంతుతో ఉంటాయి. ఆయన వాటిని పక్కన పెట్టి, వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, కలం మూసి జేబులో పెట్టుకునేవారు. నీ కళ్లతో చూసిందే చెప్పమనేవారు. విన్నది వద్దనేవారు. ఒకసారి గాజువాక నుంచి ఒక దుకాణదారు తన దగ్గర పనిచేసే పిల్లని జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు, గొలుసు తీసిందని. సన్యాసిరావు గారు అతన్ని, నీ కళ్లతో చూశావా అనే ఒక్క ప్రశ్నే అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగారు. చివరికి తేలిందేమిటంటే, ఆ పిల్ల తీస్తుండగా చూసినవాళ్లు ఎవరూ లేరు. అతనికి భార్య చెప్పింది, ఆమెకు పక్కింటావిడ చెప్పింది. పిల్లని ఇంటికి పంపేశారు. ఆ తర్వాత నాతో అన్నారు:

"ఇన్న మాట మీద మనిషిని లోపలేత్తే ఆ పాపం మనదే తల్లీ."

ఆ రోజు ఇంటికి ఫోను చేసి, నాకు మంచి గురువు దొరికాడని నాన్నకి చెప్పాను. గొంతులో గర్వం దాచుకోలేకపోయాను.

శిక్షణ ముగిసే రోజుల్లో పోలమ్మ వచ్చింది. రేవు పక్క ఒక యార్డులో ఆమె భర్త అప్పన్న కాంట్రాక్టు కూలీ. అంతకు ముందు పడవ మీద వేటకెళ్లేవాడు, పడవ పోయాక ఇటొచ్చాడు. క్రేను కొక్కెం జారి, ఇనుప లోడు ఊగి తలకి తగిలి, మనిషి యార్డు పక్క కాలవలో పడ్డాడని తోటి కూలీలు ఆమెకి చెప్పారు. యార్డు వాళ్లు మాత్రం కాళ్లు కడుక్కోబోయి జారి మునిగిపోయాడన్నారు. ఆమె నా ముందు కూర్చుని ఒక్కటే మాట పట్టుకుంది.

"మునిగి సచ్చిపోనాకి మావోడికి ఈత రాదేటమ్మా? తెప్ప మీద పెరిగినోడమ్మా."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. సన్యాసిరావు గారు చదివి బాగుందన్నారు. ఆ సాయంత్రం యార్డు మేనేజరు వచ్చి ఆయన గదిలో తలుపేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను కళ్లతో చూడలేదు.

మర్నాడు నన్ను బీచి రోడ్డు బందోబస్తుకి పంపారు. తిరిగొచ్చేసరికి పోలమ్మ స్టేషను మెట్లు దిగుతోంది. పెద్దసారు చాలా ఓపిగ్గా విన్నారని, టీ కూడా ఇప్పించారని నాకు దండం పెట్టి వెళ్లింది. లోపల బల్ల మీద కొత్త వాంగ్మూలం ఉంది, కింద ఆమె వేలిముద్ర. అందులో కొక్కెం లేదు, లోడు లేదు, తోటి కూలీలు లేరు. భర్త ఒంటి మీద బట్టలు తడిసి ఉన్నాయి, అది ఆమె చూసింది. పని అయ్యాక కాలవలో కాళ్లు కడుక్కునే అలవాటుంది, అదీ ఆమెకి తెలుసు. తల మీద దెబ్బ ఉంది, గట్టు రాళ్లూ ఉన్నాయి. ప్రతి ముక్కా నిజమే. అన్నీ కలిపి చదివితే అప్పన్న కాలు జారి మునిగి చచ్చిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. ఆయన కోప్పడలేదు, పాఠం చెప్పే గొంతుతోనే మాట్లాడారు.

"ఆవిడ సెప్పనిది ఒక్క ముక్కుందేటి ఇందులో? కొక్కెం జారడం ఆవిడ సూసిందా?"

"చూసినవాళ్లున్నారు సార్."

"తీసుకురా మరి. రాద్దుం."

మల్కాపురంలో ఆ కూలీల ఇళ్లన్నీ తిరిగాను. ఒకడు ఊరెళ్లాడన్నారు. ఇంకొకడు ఇంట్లోనే ఉండి లేడనిపించాడు. మూడోవాడు చంకలో బిడ్డతో బయటికొచ్చి, రేపు కూడా మాకు ఆ యార్డులోనే పనుండాలి కదమ్మా అని తలుపు వేసేశాడు. వాళ్లు రారని ఆయనకి ముందే తెలుసు. తెలిసే నన్ను తిప్పారు. పై అధికారి దగ్గరికి వెళితే ఆయనా సాక్షి ఎవరనే అడిగారు. ఫైలు మూసేశారు.

శిక్షణ చివర సన్యాసిరావు గారు నా గురించి ఎంత బాగా రాశారంటే, నాకు మంచి పోస్టింగు వచ్చింది. రిటైరైన రోజున వేదిక మీదికి పిలిచి, ఇది నా శిష్యురాలని అందరికీ చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మెడలో ఉరిలా అనిపించింది.

పోయినేడు గాజువాక చేపల బజారులో పోలమ్మ కనబడింది. నన్ను గుర్తుపట్టింది. ఇల్లు అక్కడేనా అని అడిగితే చేప పొలుసు తీస్తూ చెప్పింది:

"అక్కడే. ఎవుల్నడిగినా సూపిత్తారమ్మా. ఈతరానోడిల్లంటే సాలు. మా కుర్రోడు వేటకెల్దామన్నా, ఆ పేరుకి ఎవులూ పడవెక్కించుకోరు."

కోపంగా చెప్పలేదు. రోజూ వినే పేరును చెప్పినట్టే చెప్పింది. ముక్కలు కవరులో వేసిస్తూ, ఆ రోజు ఓపిగ్గా విన్న పెద్దసారు బాగున్నారా అని అడిగింది. బాగున్నారన్నాను.

కొత్తగా వచ్చిన ఎస్సై పిల్లకి నేనూ ఆ ప్రశ్నే నేర్పుతున్నాను. అంతకంటే మంచి ప్రశ్న నాకెవరూ నేర్పలేదు. చూడలేదని చెబితే అక్కడ ఆగిపోకు, ఎవరు చెప్పారో కూడా రాసి, వాళ్లింటికి నువ్వే వెళ్లు అని కలిపి చెబుతున్నాను. ఆ పిల్ల బుద్ధిగా తలూపుతుంది, నన్ను మెచ్చుకుంటూ చూస్తుంది. ఒకప్పుడు నేను ఆయన్ని అలాగే చూశాను. ఆ చూపు నా మీద పడినప్పుడల్లా, బతికున్నంతకాలం ఈత, వేట తప్ప మరో విద్య తెలియని ఒక మనిషికి మేము పెట్టిన పేరే గుర్తొస్తుంది.