నేను తీయని ఒట్టు

కువైట్‌లో నా పని చలికి పొయ్యిలు బిగించడమని చెబితే మా కడప వైపు ఎవరూ నమ్మేవాళ్లు కాదు. "ఎడారిలో చలేందిరా? అబద్ధం సెప్పినా అతికినట్టుండాల" అని నవ్వేవాళ్లు. నాకు కోపం వచ్చేది. నాకు కోపం ఎప్పుడూ ముందే వస్తుంది, తెలివి వెనకాల నడిచి వస్తుంది. ఈ కథంతా ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే.

నమ్మనివాళ్లు జనవరిలో ఒకసారి అక్కడ తెల్లవారుజామున నిలబడి చూడాలి. గాలికి చెవులు తెగిపోతాయా అనిపిస్తుంది. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ చలిలోనే కువైటీలు పక్కా ఇళ్లు వదిలి ఎడారిలో విడిదికి పోతారు. డేరాలు వేస్తారు. కాస్త కలిగినవాళ్లు కారవాన్ లాక్కుని పోతారు. చక్రాల మీద ఇల్లనుకోండి. అందులో మంచాలు, చిన్న వంటగట్టు, అద్దం, అన్నీ ఉంటాయి. మంచం కింద ఒక గ్యాసు హీటరు ఉంటుంది. ఆ హీటరు నా బువ్వ.

ఫహాహీల్‌లో మా వర్క్‌షాపు. కారవాన్ పక్క గోడకు రంధ్రం కోసి, హీటరు పెట్టెను లోపల కూర్చోబెట్టి, కాలిన గాలి బయటికి పోయే గొట్టాన్ని ఆ రంధ్రంలోంచి తీయాలి. సిలిండరు నుంచి రాగి పైపు లాగి, ప్రతి అతుకు మీదా సబ్బు నురుగు రాసి బుడగ లేస్తుందేమో చూడాలి. ఆఖరున వెలిగించాలి. మంట నీలంగా, కదలకుండా ఉంటే పని అయినట్టు. పసుపుగా ఊగిందంటే ఎక్కడో గాలి ఆగిందని అర్థం. కాలిన గాలి బయటికి పోకపోతే లోపల పడుకున్నవాళ్లకు వాసన కూడా తెలియదు. తలనొప్పి వస్తుంది, నిద్ర వస్తుంది, ఆ నిద్రలోనే పోతారు.

అందుకే మాకొక పద్ధతి ఉండేది. చలికాలం అయిపోగానే ఇంటింటికీ తిరిగి ఆ బయటి గొట్టంలో నూనెగుడ్డ కుక్కేవాళ్లం. లేకపోతే వేసవిలో ఇసుక నిండుతుంది, కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. సిలిండరు మూసి, దాన్ని తిప్పే చెవికి ఒక ఎర్రగుడ్డ కట్టేవాళ్లం. గొట్టం మూసి ఉంది, వెలిగించొద్దు అని దానర్థం. మళ్లీ చలి మొదలయ్యే ముందు మేమే పోయి, గుడ్డలు తీసి, శుభ్రం చేసి, వెలిగించి చూపించి వచ్చేవాళ్లం.

నన్ను ఆ దేశానికి తెచ్చింది మా అక్క. నాకు అయిదేళ్లప్పుడు అమ్మ పోతే, పన్నెండేళ్ల అక్క నన్ను చంకనేసుకుని పెంచింది. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే, కువైట్ వచ్చి జహ్రాలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. నాలుగేళ్లకు నాకు వీసా తీయించింది. ఆ ఇంటి పెద్దావిడను అక్క మామా అని పిలిచేది. పనివాళ్లందరూ ఇంటావిడను అలాగే పిలుస్తారు. మామాకు పక్షవాతంతో రెండు కాళ్లూ పడిపోయాయి. లేపడం, కడగడం, తినిపించడం, అన్నీ అక్కే. ఆ ఇంటి వెనక పెరట్లో ఉన్న కారవాన్‌కు హీటరు బిగించింది నేనే.

యుద్ధానికి ముందటి చలికాలంలో ఎడారిలో ఒక విడిదిలో ఇద్దరు డ్రైవర్లు కారవాన్‌లో పడుకుని లేవలేదు. ఎవరో ఎర్రగుడ్డ పీకి పారేసి హీటరు వెలిగించుకున్నారు. ఆ హీటరు విప్పడానికి నన్ను పంపారు. గొట్టంలో నూనెగుడ్డ అట్లాగే ఉంది. పది రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆ ఏడు మార్చి ఆఖరున జహ్రా ఇంట్లో గుడ్డ కుక్కి, సిలిండరు మూశాక నాకు అక్క మీద నమ్మకం కలగలేదు. కనిపించిన గుడ్డపేలికనల్లా దాచుకునే మనిషి. ఎర్రగుడ్డ బాగుందని విప్పి జడకు కట్టుకున్నా కట్టుకుంటుంది.

"నేనొచ్చి తీసేదాకా దీన్ని ముట్టనని నా తల మీద ఒట్టెయ్" అన్నాను.

"పో రా. సిన్నపిల్లనా నేను?"

"ఎయ్యి. లేకుంటే నేను ఈడ నుంచి కదలను."

అక్క నవ్వడం ఆపేసి నా తల మీద చెయ్యి పెట్టింది. ముట్టనని మెల్లగా అంది. ఒట్టంటే అక్కకు ఎందుకంత భయమో నాకు తెలుసు. చిన్నప్పుడు అటక మీది బెల్లం తిని, తినలేదని అమ్మ తల మీద ఒట్టేసింది. ఆ ఏడే అమ్మ జ్వరంతో పోయింది. తన వల్లే పోయిందని అక్క గట్టిగా నమ్మింది. ఎన్నిసార్లు కాదన్నా వినేది కాదు. ఆ నమ్మకం తెలిసే, సరిగ్గా దాని మీదే చెయ్యేసి బిగించాను. మంచికేగదా అనుకున్నాను.

ఒట్టు వేయించినవాళ్లే తీయాలి. అది పెద్ద తంతేమీ కాదు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టినా" అంటే చాలు. చిన్నప్పుడు మేమిద్దరం ఆ మాట రోజుకు పదిసార్లు అనుకునేవాళ్లం.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. ఎండలకు తట్టుకోలేక మామా కొడుకులు, కోడళ్లు పిల్లలతో సహా లండన్ పోయి ఉన్నారు. ఇంట్లో మామా, అక్క, ఇద్దరే. మా వర్క్‌షాపును మొదటి వారంలోనే దోచేశారు. పనిముట్లు, సిలిండర్లు, ఆఖరికి నా టిఫిన్ క్యారియర్ కూడా వదల్లేదు. రొట్టె కోసం పొద్దున్నుంచి వరుసలో నిలబడ్డాం. మనవాళ్లందరూ బస్సుల్లో బస్రా మీదుగా జోర్డాన్ పోతున్నారని, అక్కడి నుంచి విమానాలున్నాయని తెలిసింది. సెప్టెంబరులో ఒక బస్సులో ఇద్దరికి చోటు సంపాదించాను. మధ్యాహ్నం సిటీలోని మిర్కాబ్‌లో బస్సు. పొద్దున్నే ఎవరినో బతిమాలి కారులో జహ్రా పోయాను.

అక్క సంచి సర్దుకోలేదు. మామాకు గంజి తాగిస్తూ ఉంది.

"ఈయమ్మను యాడ ఇడిసిపెట్టేది రా? మూత్రానికి గూడా లెయ్యలేదు" అంది.

"పక్కింటోళ్లు సూసుకుంటారు."

"పక్కింటోళ్లు నిన్ననే యల్లా, పదాండి అని సౌదీకి ఎలబారినారు. నేను గూడా పోతే మూడు దినాల్లో సచ్చిపోతాది. నువ్వు పో నాయనా. నేను యాడికీ పోను."

బతిమాలాను. తిట్టాను. "తోడబుట్టినోడి కంటే ఆ ముసిలామె ఎక్కువైందా నీకు?" అన్నాను. అక్క ఇంకో చెంచా గంజి మామా నోటికి అందించింది. మామాకు తెలుగు రాకపోయినా అర్థమైనట్టుంది, గంజి మింగకుండా గోడ వైపు తిరిగింది. నేను విసురుగా బయటికి వచ్చాను.

కారు దాకా వెంట వచ్చింది అక్క. గుడ్డలో రొట్టెలు, ఖర్జూరాలు మూటకట్టి నా చేతిలో పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఒరే, ఆ హీటరు సంగతి ఏంది? సలికాలానికి నువ్వు రాకపోతే ఎట్ల? ఆ గుడ్డలు నేను తీసెయ్యొచ్చా?"

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. వివరంగా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. గుడ్డ ఇట్లా పీకు, తీగతో గొట్టం గెలుకు, మంట నీలంగా ఉందో లేదో చూడు. చెప్పక్కర్లేదు, పది అడుగులు వేసి పెరట్లోకి పోతే నేనే పీకి రావచ్చు. కానీ నాకు కోపంగా ఉంది. నన్ను కాదని ఆ దేశంలో ఉండిపోతున్నందుకు ఆమె మీద ఏదో ఒకటి బిగించాలనిపించింది.

"సలికాలం దాకా ఈడనే ఉంటావా? ఉండు. నేనొచ్చినంక తీస్తా. అంతదాకా ఒట్టు ఒట్టే" అని కారెక్కాను.

వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని నేను అనుకోని రోజు లేదు.

జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో పన్నెండు రోజులున్నాం. పగలు ఎండకు మాడి, చీకటి పడితే చలికి ముడుచుకునేవాళ్లం. అక్కడ మొదటిసారి గుబులు పుట్టింది. చలికి తట్టుకోలేక హీటరు వెలిగిస్తుందేమో, ఆ డ్రైవర్ల మాదిరిగా నిద్రలోనే పోతుందేమో అని. వెంటనే ఒట్టు గుర్తొచ్చింది. నా తల మీద వేసిన ఒట్టు అక్క ప్రాణం పోయినా తప్పదు, ఇంక భయం లేదు అనుకుని నిశ్చింతగా పడుకున్నాను. ఊరు చేరాక కూడా అంతే. రేడియోలో కువైట్ పేరు వినబడినప్పుడల్లా చేతిలో పని ఆపి వినేవాణ్ని. బాంబులకు భయపడ్డాను, సైనికులకు భయపడ్డాను. హీటరు వల్ల మాత్రం భయం లేదని నాకు నేనే ధైర్యం చెప్పుకునేవాణ్ని. అంత తెలివైనవాణ్ని నేను.

యుద్ధం ముగిశాక మూడు నెలలకు మామా పెద్దకొడుకు రాసిన ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. బడి పంతులు చదివి చెప్పాడు. మీ అక్క జనవరిలో జ్వరంతో చనిపోయింది. మా అమ్మ నిన్ను చూడాలంటోంది. వీసా పంపుతాను, రా.

ఆ దేశంలో దహనానికి చోటు లేదు. యుద్ధం నడుమ వీధిలో మిగిలిన ముసలివాళ్లు ఇద్దరు గుంత తీసి పూడ్చారని, ఆ తర్వాత మామాను చూసుకున్నదీ వాళ్లేనని ఆ ఉత్తరంలోనే ఉంది. కాల్చవలసిన మనిషిని పూడ్చారని నేను గోడకు తల కొట్టుకున్నాను. అప్పటికి నాకు తెలిసిన దుఃఖం అంతే.

అక్టోబరులో జహ్రా చేరాను. ఇంటి ముందు గోడకు తూటాల గుంతలు. కిటికీలకు అద్దాలు లేవు, అట్టలు కొట్టారు. మామా చక్రాల కుర్చీలో వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. పెరట్లోకి తోసుకుపొమ్మంది. కారవాన్ అక్కడే ఉంది. మామా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదట.

అక్కడే చెప్పింది మామా, నాకు అర్థమయ్యేలా అరబ్బీలో నిదానంగా. డిసెంబరులో సైనికులు ఇల్లు తీసుకుని వాళ్లిద్దరినీ పెరట్లోని కారవాన్‌లోకి తోశారు. కరెంటు పోయింది. అక్క మూడు ఇటుకలు పెట్టి బయట పుల్లలతో వండేది. ఇటుక వేడిచేసి, గుడ్డలో చుట్టి మామా కాళ్ల దగ్గర పెట్టేది. ఉన్న దుప్పట్లన్నీ మామా మీద కప్పి, తను గోనెపట్టా కప్పుకునేది. దగ్గు మొదలైంది. తర్వాత జ్వరం. డాక్టరు లేడు, మందు లేదు.

"హీటరు వెలిగించు బిడ్డా అన్నాను. రోజూ అన్నాను. లా, వద్దు మామా, అనేది. ఒట్టుంది అనేది. ఆ పాపం నేను మోస్తాను, దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను అన్నాను. అప్పుడేమందో తెలుసా? నా తల మీద ఒట్టయితే ఎప్పుడో తప్పేదాన్ని మామా, ఇది నా తమ్ముడి తల మీద ఉంది, వాడు దారిలో ఉన్నాడో ఇల్లు చేరాడో నాకు తెలియదు, అంది."

నేను అక్కడే ఇసుకలో కూలబడ్డాను. మామా నా తల మీద చెయ్యి పెట్టింది. నాకు ఆ చెయ్యి తీసెయ్యమని అరవాలనిపించింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను లేచి పనిముట్ల సంచి తీశాను. బయటి గొట్టంలో నేను కుక్కిన నూనెగుడ్డ కుక్కినట్టే ఉంది. కారవాన్ ముందు భాగాన ఉన్న పెట్టెలో సిలిండరు ఉంది. దాని చెవికి ఎర్రగుడ్డ నేను కట్టిన ముడితోనే ఉంది. ఒక్క గుడ్డపేలికను వదలని మనిషి, కప్పుకోవడానికి దుప్పటి లేని మనిషి, ఆ ముడి ముట్టలేదు.

గుడ్డ పీకాను. గొట్టం గెలికాను. ఇసుక లేదు, గూడు లేదు. రెండు నిమిషాల పని. ఎర్రగుడ్డ విప్పి సిలిండరు తెరిచి, అలవాటు చొప్పున అతుకుల మీద సబ్బు నురుగు రాసి చూశాను. బుడగ లేవలేదు. అగ్గిపుల్ల గీశాను. మొదటి పుల్లకే అంటుకుంది. నీలంగా, కదలకుండా.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టినా, అక్కా" అన్నాను.

బయట ఇంకా ఎండగానే ఉంది. కారవాన్ లోపల కాసేపటికే చెమటలు కారాయి. ఆపమని మామా కొడుకు వచ్చి చెప్పాడు. మామా అతన్ని కళ్లతోనే పొమ్మంది. బతికున్నప్పుడూ, పోయాకా మా అక్కకు నిప్పు దక్కలేదు. ఆమెకు నేను పెట్టగలిగిన నిప్పు అదొక్కటే. అది నిండు సిలిండరు. మూడు రోజులు మండింది. దానంతట అది ఆరిపోయేదాకా నేను ఆపలేదు.